తూకం తెలిసిన మనిషి - శాంటోస్ డ్యూమాంట్

తూకం గురించి నాకు మొదటి పాఠం చెప్పింది మా తాతయ్య. గౌతమి ఒడ్డున మా ఊరి రేవులో ఆయనకో పడవ ఉండేది. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లివారినీ అవతలి గట్టుకు దాటించేవాడు. నీటికీ పడవ అంచుకీ మధ్య జానెడు ఎడం ఉంటేనే గెడ వేసేవాడు. అది బెత్తెడుకు వచ్చిందంటే ఎవరో ఒకరు దిగవలసిందే, ఆ దిగేవాడు ఊరి పెద్దగారి బావమరిది అయినా సరే.

నా చిన్నతనంలో ఆ పడవకు డీజిలు ఇంజను బిగించారు. రేవంతా సంబరపడింది. తాతయ్య మాత్రం గట్టు మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఇంజను, దాని కింద వేసిన దుంగలు, డీజిలు డబ్బా, దాన్ని నడిపే కుర్రాడు, అన్నీ కలిపితే మూడు ధాన్యం బస్తాలు ఆ పడవలోంచి శాశ్వతంగా దిగిపోయాయని తేల్చాడు. వేగం పెరిగింది, మోత తగ్గింది. ఆ లెక్కలోని లోతు అప్పట్లో నాకేం తెలుసు?

తెలిసివచ్చింది రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో. మెకానికల్ చదువుతున్న మేం నలుగురం మిత్రులం కలిసి ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం కడదామని బయలుదేరాం. పాత మోటారు సైకిలు ఇంజను ఒకటి కొన్నాం. గొట్టాలు అతికించాం, గుడ్డ బిగించాం. కాగితం మీద దాని ఖాళీ బరువు 120 కిలోలు వేసుకున్నాం. అందులో కూర్చోవలసింది నేను. నా బరువెంతని మిత్రులు అడిగితే 65 కిలోలని చెప్పాను. కోతలైపోయిన చేలో మూడుసార్లు పరుగెత్తించాం. బెత్తెడు కూడా లేవలేదు. మూడోసారి చక్రం విరిగి, నేనూ విమానమూ కలిసి గట్టుకు కొట్టుకున్నాం. చూడవచ్చిన ఊరంతా నవ్వింది. నిజానికి అది లేవకపోవడమే మా అదృష్టం. అనుమతి లేకుండా, పరీక్షించిన వారెవరూ లేకుండా మనిషిని గాలిలోకి లేపబోవడం ఎంత తెలివితక్కువ పనో ఆనాడు మాకు తట్టనేలేదు.

తప్పంతా ఇంజనుదేనని తీర్మానించాం. ఇంకా పెద్ద ఇంజను కావాలనుకున్నాం. ఆ అవమాన భారంతో ఉన్న రోజుల్లోనే శాంటోస్ డ్యూమాంట్ జీవిత చరిత్ర నా చేతికి వచ్చింది. చదివాక నా తలపొగరు కొంత దిగింది. ఆ మహనీయుని కథ మన విద్యార్థి లోకానికి క్లుప్తంగా చెప్పాలని ఈ ప్రయత్నం.

ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ 1873 జూలై 20న బ్రెజిల్ దేశంలో జన్మించాడు. తండ్రికి లెక్కలేనన్ని కాఫీ తోటలు. ఆ తోటల్లో కాఫీ మోయడానికి సొంత రైలు పట్టాలే ఉండేవట! పన్నెండేళ్ల వయసుకే ఆల్బెర్టో ఆ రైలింజన్లను నడిపేవాడు. జూల్స్ వెర్న్ నవలలు చదివేవాడు. పక్షి పేరు చెబితే వేలెత్తాలి, ఎగరని జంతువు పేరు చెబితే ఎత్తకూడదు. ఇలాంటి ఆట మన పల్లెల్లో మేమూ ఆడాం. ఆ ఆటలో మనిషి పేరు చెప్పినప్పుడల్లా ఈ పిల్లవాడు వేలెత్తి, జరిమానా కట్టేవాడట.

తండ్రి గుర్రపు బండి మీదనుంచి పడి పక్షవాతం పాలయ్యాడు. 1892లో కొడుకు వాటా ఆస్తి కొడుక్కి ఇచ్చి, పారిస్ వెళ్లి యంత్రశాస్త్రం నేర్చుకొమ్మని పంపాడు. అంత డబ్బు చేతికొస్తే ఆ వయసు కుర్రాడు ఏమవుతాడో మనకు తెలుసు. ఆల్బెర్టో మాత్రం బెలూన్ల వాళ్ల కార్ఖానాకు వెళ్లాడు.

అక్కడే ఆయన ప్రత్యేకత మొదటిసారి బయటపడింది. ఆ రోజుల్లో బెలూనంటే పెద్ద యవ్వారం. వందల ఘనపు మీటర్ల గ్యాసు, బరువైన వల, బరువైన బుట్ట. శాంటోస్ డ్యూమాంట్ తనకు 113 ఘనపు మీటర్ల బెలూను చాలన్నాడు. అనుభవజ్ఞులైన కార్ఖానా వారు అది అసాధ్యమని వాదించారు. ఆయన ప్రతి వస్తువునూ విడివిడిగా తూచాడు. జపాను పట్టు గుడ్డ వార్నీషుతో సహా 14 కిలోలు. యాభై కిలోలుండే వల స్థానంలో రెండు కిలోల లోపు వల. ముప్ఫై కిలోల బుట్ట బదులు ఆరు కిలోల బుట్ట. ఇక మనిషి సంగతా? ఆయన బక్కపలచని వాడు, సుమారు యాభై కిలోలు. 1898లో ఆ బుల్లి బెలూను ఆయన్ని ఎక్కించుకుని నిక్షేపంగా లేచింది. దానికి తన దేశం పేరే పెట్టుకున్నాడు.

గమనించవలసినదేమంటే, ఆయన గ్యాసు పెంచే ఆలోచన చేయలేదు, ముందు బరువు తగ్గించాడు. మేం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

తరువాత బెలూనుకు ఇంజను పెట్టాలనుకున్నాడు. దొరికేది మూడు చక్రాల మోటారు బండి ఇంజను. ఒక ఇంజను సిలిండరు మీద మరొకటి ఎక్కించి, అడుగు భాగం రెండింటికీ ఒకటే ఉంచి, మూడున్నర హార్స్ పవర్‌ను 30 కిలోల్లో సాధించాడు. అంటే ఒక్కో హార్స్ పవర్‌కు ఎనిమిదిన్నర కిలోలు. ఈనాడు మనకు నవ్వు రావచ్చు గాని ఆనాటికి అది గొప్పే. నేల మీద అంతగా అదిరిపోయే ఇంజను గాలిలో ఏం చేస్తుందోనన్న సందేహం తీర్చుకోవడానికి, ఆ మూడు చక్రాల బండిని పారిస్ శివారు తోపులో ఒక చెట్టు కొమ్మకు తాళ్లతో వేలాడదీసి, తానెక్కి కూర్చుని ఇంజను తిప్పాడు. నేల మీద కన్న అదురు తక్కువగా ఉందని సంతోషించాడు. పరీక్ష అంటే ఇలా ఉండాలి! ఖర్చు నాలుగు తాళ్లు.

1901లో ఈఫిల్ టవర్ చుట్టి అరగంటలో తిరిగి రాగలిగిన వారికి లక్ష ఫ్రాంకుల బహుమతి ప్రకటించి ఉంది. ఆగస్టులో ఆయన అయిదో నంబరు గాలి ఓడ గ్యాసు పోగొట్టుకుని ఒక హోటలు పైకప్పుకు తగిలి చీలిపోయింది. ఆయన గోడ పక్కన వేలాడుతూ ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ సాయంత్రమే ఆరో నంబరుకు పని మొదలుపెట్టించాడు. అక్టోబరు 19న టవర్ చుట్టి వచ్చాడు. తాడు అందుకోవడం కొద్ది క్షణాలు ఆలస్యమైందని న్యాయనిర్ణేతలు పేచీ పెట్టినా, పారిస్ జనం ఆయన పక్షాన నిలిచారు. చివరకు అందిన సొమ్మును నగరంలోని బీదలకూ తన పనివారికీ పంచేశాడు.

అప్పటికి అమెరికాలో రైట్ సోదరులు నిశ్శబ్దంగా పని చేసుకుంటున్నారు. 1903 డిసెంబరు 17న వారి విమానం ఎగిరింది. వాళ్లు సొంతంగా చేయించుకున్న ఇంజను 12 హార్స్ పవర్, బరువు సుమారు 80 కిలోలు. ఆ సంగతి యూరపులో చాలామందికి నమ్మకం కలగలేదు. 1906లో శాంటోస్ డ్యూమాంట్ కూడా విమానం కట్టాడు. మొదట 24 హార్స్ పవర్ ఆంటోయినెట్ ఇంజను పెడితే చాలలేదు. 50 పెట్టాడు. అక్టోబరు 23న అరవై మీటర్లు, నవంబరు 12న 220 మీటర్లు జనసమూహం చూస్తుండగా ఎగిరాడు. ఈ ఇంజను వంద కిలోల లోపే. అంటే హార్స్ పవర్‌కు రెండు కిలోల లోపు. ఎనిమిదేళ్లలో ఎంత మార్పో చూడండి. విమానయుగానికి తలుపు తెరిచింది రెక్క ఒక్కటే కాదు, ఈ కిలోల లెక్క కూడా.

ఇంతటి ఇంజను చేతికొచ్చాక మరొకరైతే ఇంకా పెద్ద విమానం కట్టేవారు. ఆయన చిన్నది కట్టాడు. అదే ఆయన జీవితంలో అన్నిటికన్నా ముద్దొచ్చే ఘట్టం. 1907లో మొదలై 1909 నాటికి కుదిరిన ఆ విమానం పేరు డెమోయిసెల్. ఫ్రెంచి భాషలో కన్నెపిల్ల అని అర్థం, తూనీగను కూడా అదే మాటతో పిలుస్తారు. దాని వెన్నెముక ఏమిటనుకున్నారు? వెదురు! మూడు వెదురు బొంగులు. పాపికొండల నుండి తెప్పలు కట్టి మన గోదావరి మీద రాజమండ్రికి దించుతూ వచ్చిన వెదురు జాతే. రెక్కల నిడివి అయిదు మీటర్ల పైచిలుకు. ఖాళీ బరువు వంద కిలోలకు కొంచెం అటూ ఇటూ. రెండు సిలిండర్లు ఎదురెదురుగా పరుండిన ఇంజను రెక్క మీద ఉంటుంది. దాని కింద, చక్రాల మధ్య బిగించిన గుడ్డ పట్టీ మీద మనిషి కూర్చుంటాడు. నీళ్లు చల్లబరిచే సన్నని గొట్టాలను రెక్కల అడుగునే పరిచాడు. దానివల్ల రేడియేటరుకు వేరే చట్రం అక్కరలేకపోయింది. రెక్కలను వంచే తీగల మీట నడిపేవాడి కోటు వీపుకు తగిలించి ఉంటుంది. ఒరిగితే విమానం ఒరుగుతుంది. ఒక్క వస్తువు రెండు పనులు చేస్తే ఒక వస్తువు బరువు మిగిలినట్టే కదా.

ఇక్కడ మా బోటి వాళ్లకు అర్థం కాని సూక్ష్మం ఒకటుంది. విమానం లేపగలిగిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసివేస్తే మిగిలేది ఉపయోగ భారం. మనిషీ పెట్రోలూ అందులోంచే రావాలి. ఇంజను అయిదు కిలోలు పెరిగితే పోయేది అయిదే అనుకుంటాం. కాదు. దాన్ని మోసే చట్రం లావు కావాలి, చట్రాన్ని మోసే రెక్క పెరగాలి, చక్రాలు గట్టిపడాలి, ఇంజను తాగే పెట్రోలు కూడా ఎక్కువే. అయిదు కాస్తా పదవుతుంది. తాతయ్య పడవలో ఇంజను కింద వేసిన దుంగలూ ఇంతే! చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టి పుల్ల మోయించేవాళ్లం. పుల్ల కొంచెం పెద్దదైతే అది నేల విడిచేది కాదు. పాపం, అది చెప్పిన పాఠం అప్పుడు వినలేదు.

1909 సెప్టెంబరులో డెమోయిసెల్ మీద ఆయన ఎనిమిది కిలోమీటర్లు అయిదు నిమిషాల్లో వెళ్లాడు. విమానాన్ని మోటారు కారు వెనక వేసుకుని ఊరు దాటించేవాడు. అన్నిటికన్నా గొప్ప సంగతి, దానికి పేటెంటు తీసుకోలేదు. 1910లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రికలో దాని నక్షాలు అచ్చయ్యాయి. ఎవరైనా చూసి తమ పెరట్లో కట్టుకోవచ్చు. తరువాత మధ్యధరా సముద్రాన్ని మొదటగా విమానంలో దాటిన రోలాండ్ గారోస్ తొలినాళ్లలో ఎగిరింది ఈ తూనీగ మీదే. అదే 1910లో, మన గోదావరి జిల్లాలు ఇంకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నప్పుడు, మద్రాసులో హోటలు నడిపే డి ఏంజెలిస్ అనే ఆయన సింప్సన్ బండ్ల కంపెనీలో విమానం కట్టించి పల్లవరంలో ఎగరేశాడు. సొంతంగా కట్టుకుని ఎగరాలనే ఆ గాలి మన దాకా కూడా వీచిందన్నమాట.

1965లో వచ్చిన ఒక ఇంగ్లీషు హాస్య చిత్రం కోసం డెమోయిసెల్ నమూనాను మళ్లీ కట్టారు. అసలు దానికన్నా బలమైన ఇంజనే పెట్టారు. అయినా పైకి లేవనని మొరాయించింది. ఆ తరువాతగాని అసలు యజమాని ఎంత తేలికపాటి మనిషో వారికి గుర్తు రాలేదు. అప్పుడు జోన్ హ్యూస్ అనే సన్నని స్త్రీ పైలట్‌ను కూర్చోబెడితే, చక్కగా లేచింది! రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగింజన్ల బాంబర్లను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చిన ధీర ఆమె. ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. కారణం చివర్లో చెబుతాను.

ఆ తరువాతి కథ విషాదం. 1910 జనవరిలో తీగ తెగి ఆయన విమానం కూలింది. ప్రాణం దక్కింది గాని మళ్లీ ఎగరలేదు. నరాల జబ్బని వైద్యులు చెప్పారు. వయసు ముప్ఫై ఆరు. 1914లో యుద్ధం వచ్చినప్పుడు, దూరదర్శినితో ఆకాశం చూసుకునే ఈ మనిషిని ఇరుగుపొరుగు గూఢచారి అనుకున్నారు. ఆ బాధలో తన కాగితాలూ నక్షాలూ తగలబెట్టుకున్నాడు. విమానం బాంబులు మోసే బండి అయిపోవడం ఆయన్ని కుంగదీసింది. 1926లో విమానాలను యుద్ధాల్లో వాడరాదని నానాజాతి సమితికి విజ్ఞప్తి చేశాడు. ఎవరు వింటారు? 1928లో స్వదేశానికి ఓడలో తిరిగి వస్తుంటే, స్వాగతం పలకడానికి వచ్చిన విమానం, ఆయన పేరే పెట్టుకున్న విమానం, కళ్లెదుటే సముద్రంలో కూలి అందులోని వారంతా మరణించారు. 1932లో బ్రెజిల్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. సొంత దేశపు విమానాలు సొంత జనం మీదకే వెళ్లాయి. ఆ జూలై 23న, యాభై తొమ్మిదేళ్లు నిండిన మూడో రోజున, సముద్ర తీరపు పట్టణంలో ఆయన తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు. ఎన్నో బరువులు తీసి పారేసిన మనిషి ఈ ఒక్క బరువూ దింపుకోలేకపోయాడు. ఆయన పక్కన కూర్చుని ఆ మోతలో పాలు పంచుకునే వారు ఆ సమయానికి లేకపోయారు కదా అని నా మనసు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

ఇక మా విమానం సంగతి. సెలవుల చివర్లో దాన్ని రైసు మిల్లుకు తోలుకెళ్లి కాటా మీద పెట్టాం. 120 అనుకున్నది 161 తేలింది. రంగు, బోల్టులు, బ్యాటరీ, అనవసరంగా వేసిన అతుకులు, అన్నీ అక్కడ బయటపడ్డాయి. ఆ రోజు కాటా ఎక్కనిది నేనొక్కడినే. మిత్రులారా, నా బరువు 65 కాదు, 78 కిలోలు. సీటు నాకు దక్కదేమోనన్న ఆశకొద్దీ అబద్ధమాడాను. మా నలుగురిలో సన్నగా ఉండే మిత్రుడు కూర్చుంటే లెక్క కొంతైనా కుదిరేది. ఈ సంగతి నా ముగ్గురు మిత్రులకూ ఈ సంచిక ద్వారానే మొదటిసారి తెలుస్తోంది. మన్నిస్తారని ఆశిస్తున్నాను.

మళ్లీ కట్టాలని ఉంది, ఈసారి పెద్దల పర్యవేక్షణలో, అనుమతులతో. కొత్త నోటు పుస్తకం మొదటి పేజీలో ఇంజను పేరు కన్నా ముందు మనిషి బరువు రాశాను. కాటా మీద నిలబడి చూసి రాశాను. కూర్చునేది నేను కాదు.

తన బరువు తాను దాచుకోకుండా తూచుకుని, మిగిలినదంతా దానికి తగ్గట్టు మలచుకున్న ఆ చిన్న మనిషికి, గెడ వేసే ముందు పడవ అంచు చూసుకున్న మా తాతయ్యకూ ఈ సందర్భంగా నా జోహార్లు.