ఘోషా స్త్రీల న్యాయవాది

వంద సంవత్సరాల క్రితం వరకు ఉత్తర భారతదేశంలోని అనేక సంపన్న కుటుంబాలలో స్త్రీలు ఘోషా పాటించేవారు. అంతఃపురం దాటి బయటికి వచ్చేవారు కారు. పరపురుషుల కంట పడేవారు కారు. జమీందారు చనిపోతే వేల ఎకరాలు అతని భార్య చేతికి రావచ్చు. కాని ఆ భూమి ఎక్కడ ఉన్నదో ఆమె ఎరుగదు. తెర అవతలినుంచి దివాను కాగితం పంపితే, తెర ఇవతల ఆమె వేలిముద్ర వేసేది. అందులో ఏమి రాసి ఉందో చదివి చెప్పే ఆప్తులు ఉండేవారు కారు. వకీళ్ళందరూ పురుషులే. వారిని కలిసి గోడు చెప్పుకోవడానికి ఆచారం ఒప్పుకోదు. ఇటువంటి నిస్సహాయులకు, వారి పసిబిడ్డలకు అండగా నిలిచిన న్యాయవాది కార్నీలియా సొరాబ్జీ.

ఆమె 1866 నవంబరు 15న నాసిక్‌లో జన్మించింది. తండ్రి సొరాబ్జీ ఖర్సేద్జీ పార్శీ మతం నుంచి క్రైస్తవం స్వీకరించినవాడు. తల్లి ఫ్రాన్సినా పూణెలో పాఠశాలలు స్థాపించింది. ఒకసారి ఒక సంపన్న వితంతువు ఆ తల్లిని వెతుక్కుంటూ వచ్చింది. నమ్మిన గుమాస్తాయే ఏదో కాగితం మీద సంతకం చేయించుకొని ఆమె ఆస్తి కాజేశాడు. ఆ దుఃఖం చూసిన చిన్నారి కార్నీలియా మనసులో న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక నాటుకున్నది.

పూణెలోని దక్కను కళాశాలలో మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే విద్యార్థిని. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలై, బొంబాయి విశ్వవిద్యాలయంలో పట్టభద్రురాలైన తొలి మహిళగా పేరు పొందింది. ఆ ప్రతిభకు ఇంగ్లండులో చదవడానికి ప్రభుత్వ విద్యార్థి వేతనం లభించాలి. ఆడపిల్ల అన్న కారణంగా దానిని నిరాకరించారు. ఇంగ్లండులోని మిత్రులు చందాలు పోగుచేసి పంపారు. చందా ఇచ్చినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఉన్నది. 1889లో కార్నీలియా ఆక్స్‌ఫర్డ్ చేరింది. 1892లో అక్కడ న్యాయశాస్త్ర పరీక్ష రాసిన తొలి మహిళ ఆమెయే. అందుకు విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. పరీక్ష అయితే రాయనిచ్చారు కాని పట్టా ఇవ్వలేదు. అది ఆమె చేతికి రావడానికి 30 ఏళ్ళు పట్టింది.

స్వదేశానికి తిరిగి వచ్చి బొంబాయిలో ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు వకీలు పరీక్ష కూడా పూర్తి చేసింది. అయినా కోర్టులు ఆమెను వకీలుగా చేర్చుకోలేదు. పరీక్షలో నెగ్గిన మనిషిని స్త్రీ అని పక్కన పెట్టడం ఎంత వింత!

ఆ రోజులలో జమీందారు మైనరు అయినా, ఆస్తి చూసుకోలేని స్త్రీ అయినా, ఆ జమీని ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ద్వారా నిర్వహించేది. పేరులో కోర్టు ఉన్నా అది న్యాయస్థానం కాదు, రెవెన్యూ అధికారుల పాలన. మద్రాసు రాజధానిలోని కొన్ని తెలుగు జమీందారీలు కూడా ఇలా దాని అధీనంలోకి వెళ్ళినవే. కాని మగ అధికారి అంతఃపురంలోకి వెళ్ళలేడు కదా! అందుకని ఒక మహిళా న్యాయ సలహాదారును నియమించాలని కార్నీలియా ప్రభుత్వాన్ని పట్టుబట్టి కోరింది. 1904లో బెంగాలు ప్రభుత్వం ఆ పని ఆమెకే అప్పగించింది. తరువాత బీహారు, ఒరిస్సా, అస్సాం ప్రాంతాలు కూడా ఆమె పరిధిలోకి వచ్చాయి.

రైలులో, పడవలో, పల్లకిలో ప్రయాణించి ఆమె మారుమూల సంస్థానాలకు వెళ్ళేది. తెర లోపల కూర్చుని వితంతువుల మాటలు ఓపికగా వినేది. రావలసిన మనోవర్తి ఎంతో, సంతకం చేయకూడని కాగితం ఏదో వారికి తెలిసేలా చెప్పేది. అర్థం చేసుకోకుండా ఘోషా స్త్రీ వేసిన వేలిముద్ర ఆమెను బంధించదని న్యాయస్థానాలు అప్పటికే తీర్పులిచ్చాయి. ఆ రక్షణ ఉన్నదనే సంగతి మాత్రం అంతఃపురాలకు చేరలేదు. దానిని చేరవేసింది కార్నీలియా. మైనరు వారసుల విషయం మరీ సున్నితమైనది. పిల్లవాడు లేకుండా పోతే ఆస్తి తమకు దక్కే దాయాదులు ఆ ఇంట్లోనే తిరుగుతుండేవారు. అందుచేత పిల్లల క్షేమం, చదువు కూడా ఆమె కనిపెట్టి చూసేది. ఇలా సుమారు 20 సంవత్సరాలలో 600 మందికి పైగా స్త్రీలకు, అనాథలకు సహాయపడిందని అంచనా. కొందరి వద్ద ఏ ప్రతిఫలమూ తీసుకోలేదు. ఇప్పుడు 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు కల్పిస్తున్నది. ఆనాడు అటువంటి చట్టమేదీ లేదు.

కలకత్తా హైకోర్టు 1916లో రెజీనా గుహను, పాట్నా హైకోర్టు 1921లో సుధాంశుబాలా హజ్రాను స్త్రీలన్న కారణంతోనే వకీళ్ళుగా చేర్చుకోలేదు. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కార్నీలియాను చేర్చుకున్నది. 1923లో శాసనం వచ్చి ఆ అడ్డంకి దేశమంతటా తొలగింది. 1924లో ఆమె కలకత్తాలో న్యాయవాదిగా నమోదయింది. అప్పటికి ఆమె వయసు 57 సంవత్సరాలు. అక్కడా పురుషుల పక్షపాతం వదలలేదు. వాదించే అవకాశాలు తక్కువగా, అభిప్రాయాలు రాసి ఇచ్చే పని ఎక్కువగా దొరికేది.

కార్నీలియా బ్రిటిషు పాలనను సమర్థించింది, గాంధీజీ ఉద్యమాన్ని వ్యతిరేకించింది. ఆ కారణంగా చాలామంది దేశభక్తులు ఆమెకు దూరమయ్యారు. ఆ విషయంలో ఆమె అభిప్రాయాలను అంగీకరించలేము. అయితే తెర వెనుక ఆమె చేసిన సేవను కాదనడం కూడా న్యాయం కాదు.

1929లో వృత్తి విరమించి లండనులో స్థిరపడింది. 1934లో ఆత్మకథ ప్రచురించింది. 1954 జూలై 6న అక్కడే మరణించింది. లండనులోని న్యాయవాదుల సంస్థ లింకన్స్ ఇన్‌లో 2012లో ఆమె శిరఃప్రతిమను ప్రతిష్ఠించారు.