హాల్డేను పండితుడు

ఆంగ్లదేశమున పుట్టి, మన ఒడిశాలోని భువనేశ్వరమున కన్నుమూసిన జె. బి. ఎస్. హాల్డేను చరిత్రము మనమెల్లరము తెలిసికొనదగినది.

ఈయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. హాల్డేను తన సోదరితోను, స్ప్రంటను మిత్రునితోను కలిసి ఎలుకలను పరిశీలించి, కొన్ని లక్షణములు సంతానమునకు జంటగా సంక్రమించునని 1915లో ప్రకటించెను.

జన్యువులు క్రోమోజోముపై దండలోని పూసలవలె వరుసగా నుండును. దగ్గరనున్నవి తరచుగా కలిసియే బిడ్డకు చేరును. దూరమైనకొలది విడివడుట హెచ్చును. దీనినే సహలగ్నత యందుము. ఎన్ని మారులు విడివడినవో లెక్కించినచో వాని నడుమ దూరము తెలియును.

1937లో హాల్డేను, జూలియా బెల్ అను విదుషితో కలిసి, రక్తము గడ్డకట్టని హీమోఫీలియాయు, రంగులు గుర్తింపలేని వర్ణాంధతయు గల కుటుంబముల వంశవృక్షములను పరిశోధించెను. ఈ రెండింటి జన్యువులును ఎక్స్ క్రోమోజోముపై చేరువగా నున్నవని తేల్చెను. తెలిసిన లక్షణము తెలియని రోగమునకు ఆనవాలు కాగలదని దీనివలన స్పష్టమయ్యెను. ఈ మార్గముననే 1983లో హంటింగ్టన్ వ్యాధి జన్యువు 4వ క్రోమోజోముపై నున్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

హాల్డేను 1957లో కలకత్తాకు వచ్చి, పిదప భారత పౌరుడై, 1962లో భువనేశ్వరము చేరెను. 1964 డిసెంబరు 1వ తేదీన కాన్సరు వ్యాధిచే మరణించెను. ఆయన కోరికమేరకు దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కొసగిరి. పరుల వంశములలో రోగముల జాడ వెదకిన ఆ మహనీయుడు, తన దేహమును సైతము విద్యార్థులకు పాఠముగా విడిచిపోయెను. ఆ ఔదార్యమును మనము మరువరాదు.