మన ఎస్ఎస్‌హెచ్ కీ వెనకాల గాల్వా

ఇంట్లో మూలన పడేసిన పాత లాప్‌టాప్‌కి లైనక్స్ ఎక్కించి సర్వర్ చేసుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. హాస్టల్ నుంచి దాంట్లోకి లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డ్ కంటే కీ మంచిది. ఎస్ఎస్‌హెచ్-కీజెన్ రన్ చేస్తే రెండు కీలు వస్తాయి. పబ్లిక్ కీని సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో పెడతాం. ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది. లాగిన్ అయ్యేటప్పుడు దాంతో చేసిన సంతకం మాత్రమే సర్వర్‌కి వెళ్తుంది. ఈడీ25519 కీ అయితే ఆ లెక్క జరిగేది ఒక ఫైనైట్ ఫీల్డ్‌లో. ఫైనైట్ ఫీల్డ్స్‌కే ఇంకో పేరు గాల్వా ఫీల్డ్స్.

ఎవరిస్ట్ గాల్వా 1811 అక్టోబర్ 25న పారిస్ దగ్గర బూర్-లా-రెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఆ ఊరి మేయర్. అప్పట్లో ఫ్రాన్స్‌లో లెక్కలు ఇష్టపడే ప్రతి కుర్రాడి కల ఎకోల్ పాలిటెక్నిక్. గాల్వా 1828లో ఎంట్రన్స్ రాశాడు, ఫెయిల్. 1829 జులైలో ఊళ్ళో రాజకీయ గొడవల మధ్య తండ్రి ఆత్మహత్య చేసుకున్నారు. కొద్ది రోజులకే రెండో ఎంట్రన్స్. మళ్ళీ ఫెయిల్. ఇంక మూడో ఛాన్స్ లేదు.

1830లో ఫ్రెంచ్ అకాడమీ బహుమతికి పేపర్ పంపాడు. దాన్ని చూడాల్సిన ఫూరియే మేలో చనిపోయారు, పేపర్ ఎక్కడో పోయింది. ఫైనైట్ ఫీల్డ్స్ మీద వ్యాసం అచ్చయింది కూడా అదే ఏడాది. ప్రైమ్ సంఖ్యలో ఎలిమెంట్స్ ఉండే ఫీల్డ్స్ అప్పటికే తెలుసు. ప్రైమ్ పవర్స్‌కి కూడా కుదురుతాయని గాల్వా చూపించాడు. 1831లో మళ్ళీ రాసి పంపిన పేపర్‌ని అర్థం కాలేదని పాయిసన్ తిప్పి పంపేశారు. రాజుకి వ్యతిరేకంగా తిరిగినందుకు జైలుకీ వెళ్ళాడు.

1832 మే 29 రాత్రి, తెల్లారితే డ్యుయెల్ అనగా, తన లెక్కల సారాంశమంతా ఫ్రెండ్ ఆగస్ట్ షెవాలియేకి ఉత్తరంగా రాశాడు. మర్నాడు కడుపులో తూటా దిగింది. 31న ఆస్పత్రిలో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ళే.

షెవాలియే ఆ కాగితాలకి కాపీలు రాసి భద్రంగా దాచాడు. 1846లో లియోవిల్ వాటిని అచ్చు వేశాడు. ఆ ఫ్రెండ్ పట్టించుకోకపోతే ఇవి కూడా ఫూరియే దగ్గరి పేపర్‌లాగే పోయేవేమో.

ఇవాళ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ 256 ఎలిమెంట్స్ ఉన్న గాల్వా ఫీల్డ్‌లో నడుస్తుంది. 256 అంటే 2 పవర్ 8, అచ్చంగా ఆయన చూపించిన రకం. ఎస్ఎస్‌హెచ్‌లో కనిపించే జీసీఎమ్‌లో మొదటి అక్షరం కూడా ఆయన పేరే.

ఎంట్రన్స్ రెండుసార్లు పోయినవాడి లెక్క మీద మన ఇంటి సర్వర్ తాళం నడుస్తోంది. ర్యాంకు రాలేదని ఇంకా బాధపడేవాళ్ళెవరైనా మన క్లాసులో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. అలాగే, కీ పనిచేస్తోందని ఇంకో విండోలో చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి. ముఖ్యమైనదేదైనా ఉంటే రెండో కాపీ ఒకటి నమ్మకమైన చోట ఉంచండి.