బాపట్ల సత్యభామ

కిందటేడు కాలేజీ డే నాడు నేను ఆడవేషం వేశాను. హాస్టలు మిత్రులు పట్టుబడితే పది నిమిషాల హాస్య నాటిక. అక్క చీర కట్టుకుని, గొంతు పిండి కీచుగా మాట్లాడి, నడుం తిప్పుతూ నడిచాను. హాలంతా ఈలలే ఈలలు. చీర వెనక్కి తీసుకుంటూ అక్క, నేనట్లా నడుస్తానుట్రా అని అడిగింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నల్లపాడు నుంచి వచ్చి వెనక బెంచీలో కూచున్న తాతయ్య మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వారం తర్వాత కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నప్పుడు, స్థానం నరసింహారావు పేరు ఎప్పుడన్నా విన్నావా అని అడిగాడు. వినలేదన్నాను. ఈ వ్యాసానికి మూలం ఆ వినకపోవడమే.

స్థానం వారిని స్టేజీ మీద చూసింది తాతయ్య కాదు, తాతయ్య వాళ్ళ నాన్న. పత్తి తీతలైపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో, నలుగురితో కలిసి బండి మీద తెనాలి వెళ్ళి, రాత్రంతా నాటకం చూసి, మర్నాడు పొద్దెక్కాక తిరిగొచ్చేవాడట. వచ్చి, సత్యభామను చూశామని చెప్పేవాడే గాని, సత్యభామ వేషం కట్టిన మనిషిని చూశామని ఏనాడూ చెప్పలేదట.

ఆ సత్యభామ మన జిల్లా బిడ్డే. స్థానం నరసింహారావు గారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించారు. 1920లో ఆ ఊళ్ళోనే హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. జనం వచ్చి కూచున్నారు, ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఆ వేషం ఈ కుర్రాడు కట్టాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు, అంటే నాకంటే రెండేళ్ళు చిన్న. ఆ ఒక్క రాత్రితో ఆయన దారి తేలిపోయింది. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆంధ్రదేశమంతా పేరు మోగిపోయింది.

ఆయన ధరించిన పాత్రలు చూడండి. భర్త కోసం అమ్ముడుపోయిన చంద్రమతి, అభిమానం మూర్తీభవించిన సత్యభామ, సవతి కొడుకును కోరిన చిత్రాంగి, విప్రనారాయణుని వ్రతం చెరిపిన దేవదేవి, మొగలు రాకుమారి రోషనార, కన్యాశుల్కంలో మధురవాణి. ఏ ఇద్దరికీ పోలిక లేదు. ఆడవేషం అంటే ఒకే నడక, ఒకే కీచుగొంతు అనుకున్న నాలాంటి వాడికి ఈ పట్టికే పెద్ద చెంపపెట్టు.

నేను సైన్సు విద్యార్థిని గనుక గొంతు సంగతి కొంచెం చెబుతాను. మాట్లాడేటప్పుడు మగవాడి స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 సార్లు కంపిస్తే, స్త్రీలవి 200 సార్లకు పైగా కంపిస్తాయి. కీచుగా అరిచి ఆ సంఖ్య అందుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, నేనూ చేశాను. కాని మైకుల్లేని ఆ కాలంలో ఆఖరి వరసలో నేల మీద కూచున్న రైతుకు కూడా ప్రతి అక్షరం వినపడాలి. పద్యం రాగంలో నిలవాలి. వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాలి. అంతసేపూ ఆ పాత్ర మనసు గొంతులోంచి జారిపోకూడదు. మీరజాలగలడా పాట ఆయన పాత రికార్డు విన్నాను. మొదటిసారి, ఇది మగ గొంతే గదా అనిపించింది. మూడోసారికి ఆ ఆలోచనే రాలేదు. మొగుడి మీద తన అధికారం చూసుకుని మురిసిపోయే ఒక ఇల్లాలు మాత్రమే వినపడింది. అది కంపనాల లెక్కకు అందేది కాదు.

ఆ పాట రాసుకున్నది కూడా ఆయనే. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చినప్పుడు జమున గారి అభినయానికి సుశీల గారు ఆ పాట పాడారు. ఒక మగవాడు సత్యభామ కోసం అల్లుకున్న పాట చివరికి ఆడవాళ్ళ గొంతుకే చేరింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సంసారుల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడం తప్పని లోకం అనుకున్న రోజులవి. 1885లో మొదలైన సురభి వారి సమాజాల్లో మాత్రం వాళ్ళ ఇళ్ళ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించేవారు. మిగతా చోట్ల ఆ తలుపు మూసే ఉంది. మహారాష్ట్రలో బాలగంధర్వ, గుజరాతులో జయశంకర్ సుందరి అలాగే వెలిగారు. జపాను కబుకీ నాటకాల్లో 1629లో స్త్రీలను నిషేధించాక స్త్రీ పాత్రలన్నీ మగవాళ్ళవే అయ్యాయి. స్థానం వారి గొప్పతనమూ నిజమే, ఎందరో ఆడపిల్లలకు అందని అవకాశమూ నిజమే. ఒకటి చెప్పి రెండోది మానితే సగమే చెప్పినట్టు.

1938లో రంగూనులో ప్రేక్షకులు ఆయనకు బంగారు కిరీటం బహూకరించారు. సినిమాలు వచ్చాయి. 1942 నాటి సత్యభామ చిత్రంలో సత్యభామ పుష్పవల్లి గారు. మన స్థానం వారు శ్రీకృష్ణుడు! తెర మీద ఆ పాత్రకు స్త్రీ దొరికింది, ఆయన పక్కకు జరిగి నిలబడ్డారు. తర్వాత హైదరాబాదు ఆకాశవాణి నాటక విభాగంలో పనిచేశారు. అక్కడ చీరా లేదు, నగా లేదు, ఉన్నదల్లా గొంతే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

మిత్రులారా, ఆయన ఏళ్ళ తరబడి ఆడవేషం వేసినా ఆడదాన్ని వెక్కిరించలేదు. నేను పది నిమిషాలు వేసి ఆ పనే చేశాను. జనాన్ని నవ్వించడం తప్పు కాదు. కాని నేను నవ్వించింది అక్కను చూపించి. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ మాట అక్కతో చెప్పాను. ఇప్పటికి తెలిసిందా అని, పళ్ళెంలో ఇంకో అరిసె వేసింది.

ఈ ఏడు కాలేజీ డేకి తులాభారంలో ఒక రంగం వేస్తున్నాం. సత్యభామ మా క్లాసు అమ్మాయే. చక్కగా పాడుతుంది. నాకు తెర లాగే పని ఇచ్చారు. తాతయ్యను ఈసారి ముందు వరసలో కూచోబెడతాను.