భండారు అచ్చమాంబగారు

మా పాఠశాలకు బందరు వీథులనుండియు, గుడివాడ ప్రాంతపు గ్రామములనుండియు, కృష్ణపాయ దాటి దివిసీమనుండియు బాలికలు వచ్చి చదువుకొనుచున్నారు. పుస్తకముల సంచి భుజమున వేసికొని వచ్చు నీ పిల్లలలో నొక్కతెయు తాను చదువుకొనుట వింతయని తలపదు. తలపకుండుటయే మేలు. అయినను 1902 వ సంవత్సరమున నిదే బందరులో స్త్రీలు కూడి బృందావన స్త్రీసమాజమను పేర నొక సంఘమును స్థాపించుకొనుట గొప్ప వింతయే యయ్యెను. ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గలసి దానిని నెలకొల్పిన భండారు అచ్చమాంబగారు ఏ బడిలోను చదువుకొన్నవారు కారు. ఆమె విద్య యంతయు నింటిలో నేర్చినదే. అందుచేతనే యామె చరిత్రమును మా చిన్న పాఠకులకును, వారి తలిదండ్రులకును జెప్పగోరితిమి.

అచ్చమాంబగారు 1874 వ సంవత్సరమున, నాటి కృష్ణామండలములోని నందిగామ ప్రాంతమునకు జేరిన పెనుగంచిప్రోలను గ్రామమున జన్మించిరి. తండ్రి కొమఱ్ఱాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. ఆఱేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పదియవయేట భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. అప్పటి కామెకు చదువు లేదు. మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగులు. అచ్చమాంబగారు కాపురమునకు బోవునపుడు తల్లిని, తమ్ముని తమవెంట దీసికొనిపోయి, తమ్ముని నాగపురమున జదివించిరి. ఆ తమ్ముడే తరువాత నాంధ్రదేశమంతట బేరొందిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు.

అక్క తమ్మునికి ఓనమాలు దిద్దించుట మన యిండ్లలో నెప్పుడును జూచుచున్న పనియే. ఇక్కడ మాత్రము తమ్ముడు బడిలో నేర్చిన దానిని అక్క యింటిలో నేర్చుకొనెను. ఇంటిపనులు ముగిసిన పిదప దొరకిన కొద్దిపాటి తీరికయే యామెకు పాఠశాల. మొదట తెలుగు, తరువాత హిందీ, మహారాష్ట్రము, ఆపైన ఇంగ్లీషు. వంగభాష, గూర్జరము, సంస్కృతములలో గూడ గొంత పరిచయము సంపాదించిరి. పరీక్ష లేదు, బహుమానము లేదు. చదివిన స్త్రీ చెడిపోవుననియు, విధవ యగుననియు నమ్మువారు నలుగడల నున్న కాలమది.

ఈ మధ్యలో నామెకు గలిగిన కుమారుడును, కుమార్తెయు పసితనముననే మృతిజెందిరి. ఆ దుఃఖమును వర్ణింప మాకు శక్తి లేదు. ఆమె చేసిన పని మాత్రము చెప్పగలము: దిక్కులేని పిల్లలను కొందఱను తమ యింటికి దెచ్చుకొని పెంచి, వారికి చదువు చెప్పించిరి. తాము విద్య నేర్చిన యిల్లే ఆ పిల్లలకు నీడ యయ్యెను.

స్త్రీలు సహజముగా బుద్ధిహీనలనియు, అబలలనియు, విద్యచే వారి శీలము చెడుననియు జెప్పు మాటలు సత్యములు కావని చూపుటకై అచ్చమాంబగారు అబలా సచ్చరిత్ర రత్నమాలయను గ్రంథమును రచించిరి. వాదములు చేయక, భరతఖండమున వెలసిన స్త్రీల చరిత్రములను వెదకి, అనేక భాషల గ్రంథములు పరిశీలించి వ్రాసిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దాని మొదటి భాగమును 1901 లో బ్రకటించిరి. మొదటి భాగము చారిత్రక స్త్రీలను గూర్చినది. రెండవది వేదపురాణములనాటి స్త్రీలకు. ఇంగ్లండు, అమెరికా మొదలగు పరదేశముల స్త్రీలకు మూడవ భాగము నుద్దేశించిరి గాని అది పూర్తికాలేదు.

ఆ భాగమున నెవరెవరు చేరియుందురో యని మేము పలుమాఱు తలపోసితిమి. అమెరికా ఇంగ్లండునకు లోబడియున్న దినములలో, 1744 లో, మసచూసెట్సు పరగణాలో నొక పాదిరిగారి యింట బుట్టిన యబిగెయిల్ ఆడమ్సు తగినది కాదా యని మాకు దోచును. చిన్ననాట రోగపీడితయగుటచే నామె బడికి బోలేదు. ఇంటి పుస్తకములే గురువులు. ఆ దేశమున 1642 నాటి చట్టము ప్రకారము పిల్లలకు జదువ నేర్పించుట తలిదండ్రుల బాధ్యత. కఱ్ఱపలకకు నక్షరముల కాగిత మంటించి, పైన పలుచని కొమ్మురేకు కప్పి, తల్లులు దానిపై పిల్లలచే అక్షరములు చదివించెడివారు. మన తాతలు ఇసుకలో వ్రేలితో దిద్దిన యక్షరములు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. అక్కడను బాలికలకు చదువుట నేర్పియు, వ్రాయుట నేర్పని యిండ్లు చాల నుండెను. పెనిమిటి రాజ్యకార్యములకై యేండ్లకొలది దూరమున నుండగా, యబిగెయిల్ పొలము పనులు చూచుకొనుచు పిల్లలకు దానే చదువు చెప్పెను. పెద్దకుమారుడు 1825 లో నా దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఆమె మాత్రము తన వ్రాతలోని తప్పులకు జీవితాంతము సిగ్గుపడెను. ఇంటిచదువునందలి లోటు మనము దాచనక్కఱలేదు.

మన బందరులోను ఆడుపిల్లల విద్య సులభముగా రాలేదు. నోబిలు దొరగారు 1843 లో దెఱచిన ఇంగ్లీషు పాఠశాల బాలురకే. షార్కీ దొరసానిగారు బాలికలకు వసతితోడి బడి నడిపిరి. ముప్పదివేలమందిని బొట్టబెట్టుకొన్న 1864 నవంబరు ఉప్పెన ఆ బాలికలలో బలువురను గూడ మ్రింగెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు బడికి రాలేకపోగా, మిషను దొరసానులు వారి యిండ్లకే పోయి చదువు చెప్పెడివారు. ఇట్టి పట్టణమున 1902 లో స్త్రీలు తమంతట దాము సమాజముగా నేర్పడిరి. ఆ సంవత్సరమును, ఆ మఱుసటి సంవత్సరమును అచ్చమాంబగారు తెలుగుదేశమున ననేక పట్టణములు దిరిగి, స్త్రీసమాజములకు బ్రోత్సాహ మిచ్చిరి. రైలుబండిలోను, ఎద్దుబండిమీదను స్త్రీ యిట్లు తిరుగుట ఆనాడు సామాన్యము కాదు.

హిందూసుందరియను పత్రికలో నామె కథలు వ్రాసిరి. 1902 లో వెలువడిన ధనత్రయోదశిలో, దారిద్ర్యముచే చలించిన భర్తను భార్య నీతిమార్గమునకు మఱలించును. స్త్రీవిద్యయను కథ భార్యాభర్తల సంభాషణము. గురజాడవారి 1910 నాటి దిద్దుబాటునే తొలి తెలుగుకథగా నెంచెడివారు. అచ్చమాంబగారి కథలు దానికంటె ముందువని పిమ్మట విమర్శకులు గుర్తించిరి.

1905 వ సంవత్సరము జనవరిలో, ప్లేగు రోగులకు సేవ చేయుచు, ఆ వ్యాధి తమకే సోకగా, ముప్పదియేండ్ల ప్రాయమున నామె కన్నుమూసిరి. మఱుసటి యేడు లక్ష్మణరావుగారు తెలుగువారికి శాస్త్రచరిత్రగ్రంథముల నందిచ్చుటకై విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. 1923 లో దాము గతించువఱకు వారు తెలుగు విజ్ఞానసర్వస్వమునకై పాటుపడుచునే యుండిరి. అక్కగారి గ్రంథముయొక్క మూడవ భాగము మాత్రము వెలువడనేలేదు.