వేగం వెంటే వేడి: సూపర్ కంప్యూటర్ల పితామహుడు సీమోర్ క్రే జీవితం

మాన్వి: రాయచూరు జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండల్లోనే ఇంట్లో కంప్యూటర్ ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగానికి మించి పరుగెత్తించే కుర్రాళ్లు మన ఊళ్లోనూ, చుట్టుపక్కల క్యాంపుల్లోనూ ఉన్నారు. ఆటల కోసం కొందరు, వీడియో ఎడిటింగ్ కోసం కొందరు చేస్తున్న ఈ పనిని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇందులో వచ్చే చిక్కులన్నీ జీవితమంతా ఎదుర్కొన్న మనిషి ఒకరున్నారు. ఆయన పేరు సీమోర్ క్రే. ఆయన కథ తెలిస్తే మన బల్ల కింద గుర్రుమనే పెట్టె కూడా బాగా అర్థమవుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

క్రే 1925 సెప్టెంబరు 28న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, చిప్పెవా ఫాల్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి సివిల్ ఇంజనీరు. కొడుకు ఆసక్తి చూసి ఇంటి కింది గదిని అతనికి వదిలేశారు. పదేళ్ల వయసులోనే ఆ అబ్బాయి ఆట సామాను ముక్కలతో, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీని టెలిగ్రాఫ్ సంకేతాలుగా మార్చే పరికరం చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో రేడియో ఆపరేటర్‌గా పనిచేశారు. తిరిగొచ్చి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1949లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, 1951లో గణితంలో ఎంఎస్ పూర్తిచేశారు.

1957లో కొందరు సహోద్యోగులు కంట్రోల్ డేటా కార్పొరేషన్ పెడితే క్రే అందులో చేరారు. చేతిలో డబ్బు తక్కువ. అందుకని చవకరకం ట్రాన్సిస్టర్లు కొని, అవి ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉన్నా మొత్తం పనిచేసేలా సర్క్యూట్లు గీశారు. ఈ సంగతి ఈనాటి కుర్రాళ్లు గుర్తుంచుకోవాలి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ప్రాసెసర్లు కూడా ఒకే వేగాన్ని తట్టుకోవు. స్నేహితుడి కంప్యూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో నడిచిందని మనదీ నడవాలని లేదు.

పట్నంలో మీటింగులు, ఫోన్లు పనికి అడ్డమని క్రే తన ల్యాబ్‌ను సొంతూరు చిప్పెవా ఫాల్స్‌కే మార్పించుకున్నారు. అక్కడ తయారైన సీడీసీ 6600 యంత్రం 1964లో బయటికొచ్చింది. సెకనుకు కోటి టిక్కులు, అంటే 10 మెగాహెర్ట్జ్. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పటికి ప్రపంచంలో అదే అత్యంత వేగవంతమైన కంప్యూటర్. ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ తన అధికారులకు ఘాటుగా ఒక లేఖ రాశారు. ఊడ్చే మనిషితో కలిపి 34 మంది ఉన్న ల్యాబ్ ముందు తమ మహాసంస్థ ఎందుకు ఓడిపోయిందని అందులో నిలదీశారు.

6600లో సుమారు 4 లక్షల ట్రాన్సిస్టర్లు. తీగలో కరెంటు సంకేతం సెకనులో వందకోట్లో వంతు కాలంలో, అంటే ఒక నానోసెకనులో, ఒక అడుగు కూడా పూర్తిగా పోలేదు. కాబట్టి వేగం కావాలంటే తీగలు పొట్టిగా ఉండాలి. తీగలు పొట్టివైతే భాగాలన్నీ ఇరుక్కుని కూర్చోవాలి. ఇరుక్కుంటే వేడి బయటికి పోయే దారి ఉండదు. క్రే జీవితమంతా ఈ ముడిని విప్పడంతోనే సరిపోయింది. 6600కు ఫ్యాన్ గాలి చాలదని తేలాక, ఫ్రిజ్‌లు చేసే కంపెనీ నుంచి వచ్చిన డీన్ రౌష్ అనే ఇంజనీరు ఫ్రిజ్‌లో వాడే ఫ్రియాన్‌నే గొట్టాల ద్వారా యంత్రంలోకి పంపించారు.

తర్వాత క్రే తలపెట్టిన 8600 ఆయన్ను దెబ్బతీసింది. భాగాలను మరీ దట్టంగా పేర్చడంతో వేడి అదుపులోకి రాలేదు. ఏ చిన్న ముక్క పాడైనా యంత్రం మొత్తం ఆగిపోయేది. కంపెనీ దగ్గర మళ్లీ మొదటి నుంచి చేయడానికి డబ్బు లేదు. 1972లో ఆయన బయటికొచ్చి క్రే రీసెర్చ్ స్థాపించారు.

నాలుగేళ్లకు, 1976లో, క్రే-1 అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరింది. దాన్ని ఇంగ్లిష్ సి అక్షరం ఆకారంలో కట్టడానికి కారణం అందం కాదు. లోపలి వైపు ఏ తీగా నాలుగడుగులు దాటకూడదని అలా కట్టారు. వేగం 80 మెగాహెర్ట్జ్, బరువు ఐదు టన్నుల పైమాట, కరెంటు ఖర్చు సుమారు 115 కిలోవాట్లు. రెండేసి సర్క్యూట్ బోర్డుల మధ్య ఒక రాగి రేకు పెట్టారు. రాగి వేడిని అంచుకు లాగితే, అక్కడ ఉక్కు గొట్టాల్లో పారే ఫ్రియాన్ దాన్ని పట్టుకుపోయేది. మొదటి యంత్రం ఆలస్యం కావడానికి కారణం ప్రాసెసర్ కాదు, ఈ గొట్టాలే. కంప్రెసర్‌కు వేసే నూనె అతుకుల్లోంచి కారి బోర్డుల మీద పేరుకుని షార్ట్ సర్క్యూట్ అయ్యేది. వెల్డింగ్ పద్ధతే మార్చాల్సి వచ్చింది.

మన ఇంటి కంప్యూటర్‌లోనూ ఇదే వరస. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు, దాని మీద రాగి లేదా అల్యూమినియం హీట్‌సింక్, దాని మీద ఫ్యాన్. వేడి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారుతుంది తప్ప మాయమైపోదు. శక్తినగర్ థర్మల్ స్టేషన్ దగ్గర కూలింగ్ టవర్ల మీద లేచే ఆవిరి చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. గాలితో నడిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 70 చూపిస్తే, గది 42కు చేరినప్పుడు అదే పనికి 87 దాకా వస్తుంది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల మధ్య తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అంటే జనవరిలో కుదిరిన ఓవర్‌క్లాక్ మేలో కుదరదు. ఇంకో లెక్క కూడా ఉంది. వేగం పెంచితే వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వోల్టేజీ పెంచితే మాత్రం దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. రెండూ పదేసి శాతం పెంచితే వేడి మూడో వంతు ఎక్కువవుతుంది. మా సలహా అడిగితే ముందు దుమ్ము దులిపి, పేస్టు మార్చి, ఆ తర్వాతే బయాస్‌లో చెయ్యి పెట్టమంటాం.

క్రే-2 1985లో వచ్చింది. ఈసారి ఆయన గొట్టాలు వదిలేసి బోర్డులనే ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచేశారు. కరెంటును పారనివ్వని ద్రవం అది. అద్దాల తొట్టెలో బుడగలు లేస్తుంటే చూసినవాళ్లు ఆ యంత్రానికి బుడగలనే ముద్దుపేరు పెట్టారు.

అయితే క్రే పద్ధతిలో ఒక లోపం ఉందని మేం అనుకుంటున్నాం. కొత్త యంత్రం మొదలుపెట్టినప్పుడల్లా పాతదాన్ని పూర్తిగా పక్కన పెట్టేసేవారు. ఐబీఎం 1964లో తెచ్చిన సిస్టమ్ 360 దీనికి పూర్తిగా ఎదురు. చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రామ్ పెద్దదానిలోనూ నడిచేలా ఆ వరస మొత్తాన్ని కట్టారు. ఆ పొందిక వల్లే అది మార్కెట్‌ను ఏలింది. క్రే రీసెర్చ్‌లోనే స్టీవ్ చెన్ అనే ఇంజనీరు క్రే-1 ప్రోగ్రామ్‌లతో పొసిగే ఎక్స్-ఎంపీ యంత్రాన్ని తయారుచేస్తే, క్రే-2 కంటే అదే ఎక్కువ అమ్ముడైంది. మదర్‌బోర్డు చిప్‌సెట్, ర్యామ్ రకం, పవర్ సప్లై వాట్లు చూడకుండా ప్రాసెసర్ ఒక్కటే కొని తెచ్చుకున్నవారికి ఈ పాఠం ఖరీదెంతో తెలుసు.

క్రే-3కి సిలికాన్ బదులు గాలియం ఆర్సెనైడ్ వాడాలని పట్టుబట్టారు. ఖర్చు మితిమీరింది. 1989లో విడిగా కొలరాడో స్ప్రింగ్స్‌లో క్రే కంప్యూటర్ కార్పొరేషన్ పెట్టుకున్నారు. 1991లో ప్రధాన కొనుగోలుదారు వెనక్కి తగ్గారు. 1993లో ఒక్క యంత్రం ఒక వాతావరణ పరిశోధన కేంద్రానికి వెళ్లింది. 1995 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. ఈలోగా చవక ప్రాసెసర్లను వందలు, వేలుగా కలిపి నడిపే పద్ధతి ఊపందుకుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒప్పుకోని క్రే, 70 ఏళ్లు దాటాక ఆ దారిలోనే ఇంకో కంపెనీ మొదలుపెట్టారు. నెలలు తిరక్కుండానే, 1996 సెప్టెంబరు 22న కారు ప్రమాదంలో గాయపడి, అక్టోబరు 5న కన్నుమూశారు.

ఆయనకూ మన దేశానికీ ఉన్న లంకె వాన గురించి. రుతుపవనాల అంచనా కోసం 1980ల చివర ఢిల్లీకి ఒక క్రే ఎక్స్-ఎంపీ వచ్చింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు అడిగిన యంత్రాన్ని మాత్రం అమెరికా ఇవ్వలేదు. దాంతో 1988లో పుణేలో సీడాక్ పుట్టింది, 1991లో విజయ్ భట్కర్ బృందం పరమ్ 8000 తయారుచేసింది. 2015లో అదే బెంగళూరు సంస్థలో క్రే ఎక్స్‌సీ40 యంత్రం పెట్టారు. 2018లో పుణేలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ పేర్లతో అదే రకం యంత్రాలు వాతావరణ అంచనాల కోసం పని ప్రారంభించాయి. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి వేసే మన రైతులు ఏటా జూన్‌లో ఎదురుచూసే వాన కబురుకు లెక్కలు కట్టింది ఆ యంత్రాలే.