మన ఊరి టీచర్, రెండు ఆసియా బంగారు పతకాలు



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను ఒక మాట అడిగారు. ఆటల పీరియడ్ తీసేసి, ఆ టైమ్‌లో ఇంకో మ్యాథ్స్ క్లాస్ పెట్టొచ్చు కదా అని. ఫీజు కట్టే తండ్రిగా ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల ఒక టీచర్ జీవితం రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటలు నేర్పే పని కూడా చేపట్టారు. 1943లో, ప్రపంచమంతా యుద్ధంలో ఉన్న రోజుల్లో, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టే బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆయన పద్ధతి ఒక మంచి టీచర్ పద్ధతే. కుడికాలి ఆటగాళ్ల చేత ఎడమకాలితో మాత్రమే ఆడించే పోటీలు పెట్టేవారు. మనం పిల్లలకు ఏ సబ్జెక్టు బాగా వస్తే దాన్నే మెచ్చుకుంటాం. ఆయన రానిదాని మీద కూర్చోబెట్టేవారు, అదీ ఆటలాగా.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. అంత ఘోరంగా ఫెయిలైన జట్టును ఎవరైనా వదిలేస్తారు. నాలుగేళ్లకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు బూట్లతో దిగి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962, జకార్తా. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. దానికి తోడు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వనందుకు మన ప్రతినిధి అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం భారత్ మీద కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. కిక్కిరిసిన స్టేడియం మనవాళ్లను గేలి చేస్తూనే ఉంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది. ఆ గోల్‌పోస్టు దగ్గర నిలబడింది మన హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్. ఆటలో ఎదిగింది సైన్యంలో.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 53. ఆయన కొడుకు హకీం కూడా ఒలింపిక్స్ జట్టులోకి ఎంపికయ్యారు, వైమానిక దళంలో పనిచేశారు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా రహీం కథే. జకార్తా తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ బంగారం రాలేదు.

ఆ తండ్రిగారికి ఇప్పుడు నా జవాబు ఇది. 10-1తో ఓడాక మళ్లీ మైదానంలోకి ఎలా వెళ్లాలో మ్యాథ్స్ పీరియడ్‌లో నేర్పడం నాకు చేతకాదు, సర్. ఆటల పీరియడ్ అలాగే ఉండనివ్వండి. ఈ ఆదివారం పిల్లల్ని కాసేపు మైదానానికి తీసుకెళ్లండి. ఓడి ఇంటికొస్తే స్కోరు అడగకండి, మళ్లీ ఎప్పుడు ఆడతావని అడగండి.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్